పుంజీ గుడ్లు అర్ధరూపాయి

మొన్న మన చిన్నోడు సెల్లులో ఎవరో కోటు తొడుక్కున్నాయన ఉపన్యాసం వినిపించాడు. బీదదేశాల్లో దరిద్రం తీరాలంటే పారిశ్రామికవేత్తలు పుట్టుకురావాలట. ఆయన చెప్పింది అబద్ధమని నేననను. కాకపోతే నేనెరిగిన పారిశ్రామికవేత్తలు కోట్లు తొడుక్కున్నవాళ్లు కారు. గళ్ల లుంగీ మోకాళ్లపైకి ఎగ్గట్టి, భుజాన తువ్వాలు వేసుకుని, వీధి మొదట్లో ఉండగానే కోళ్ల పెంట కంపు కొడుతూ వచ్చేవాళ్లు. మీ తాతగారు వాళ్లలో ఒకరు. ఆ కంపేమిటండీ అంటే "ఇది లక్ష్మీదేవి వాసనే" అనేవారు. లక్ష్మీదేవిని గుమ్మం బయటే ఆపి, నూతి దగ్గర నాలుగు చేదలు పోసుకుని రమ్మనేదాన్ని.

ఎలాగూ నెగడు దగ్గర కూర్చున్నావు గనక ఆ కోళ్ల కథే చెబుతాను. ఊఁ కొడుతూ ఉండు. ఊఁ ఆగిందంటే నిద్రపోయావనుకుని మళ్లీ మొదటినుంచి మొదలెడతాను.

నేను ఈ ఊరికి కాపురానికొచ్చేటప్పటికి నయా పైసలు వచ్చి ఏళ్లయింది. మా అత్తగారు మాత్రం ఇంకా అణాల్లోనే లెక్క చెప్పేవారు. ఏ వస్తువు కొన్నా ఆవిడ అణాలకీ, కొట్టువాడి పైసలకీ పొత్తు కుదిరేది కాదు. చివరికి కొట్టువాడే ఓడిపోయేవాడు. పెరట్లో నాలుగైదు పెట్టలు, ఒక పుంజు. పగలంతా వాటి తిండి అవే ఏరుకునేవి. చీకటిపడ్డాక గంప కింద మూసి, పిల్లి తోసెయ్యకుండా గంప మీద పొత్రం పెట్టేవాళ్లం. నాటుపెట్ట పదో పదిహేనో గుడ్లు పెట్టి, ఇక చాల్లెమ్మని పొదుగుకు కూర్చునేది. పొదిగి, పిల్లల్ని తిప్పి, మళ్లీ గుడ్డు మొదలెట్టేసరికి నెలలు గడిచేవి. ఏడాదికి యాభై, అరవై పెట్టిందంటే ఆ పెట్టకు ఇరుగుపొరుగులో పేరు.

ఇంట్లో డబ్బుకు కూడా ఒక పద్ధతుండేది. పొలం మీద వచ్చింది మగవాళ్లది, పాడి మీద వచ్చింది అత్తగారిది, గుడ్ల మీద వచ్చింది కోడలిది. నా ఖజానా పోపులపెట్టెలో మెంతుల అడుగున ఉండేది. మీ తాతగారికి ఆ సంగతి తెలుసు, తెలిసినట్టు కనబడేవారు కాదు. అది ఆయన మర్యాద.

వారానికోసారి గుడ్లు కొనే మనిషి గంపలో ఊక పోసుకుని వచ్చేవాడు. పుంజీ, అంటే నాలుగు గుడ్లు, అర్ధరూపాయి. ఒక్కో గుడ్డునీ ఎండకు ఎత్తిపట్టి, చెవి దగ్గర ఊపి, అనుమానం తీరకపోతే చెంబులో నీళ్లడిగి అందులో వేసేవాడు. తేలితే మురిగినట్టు. తేలిన గుడ్డు మా ఇంటిదే కాదని మా అత్తగారు వాదించేవారు. గంపలోకి వేరే ఊరి గుడ్డు ఎగిరొచ్చిందా అని అతను అడిగేవాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటారే, అది మా అరుగు మీద వారం వారం జరిగేది.

పుంజీ అర్ధరూపాయేనా అని నవ్వకు. నాట్లకు వెళ్లిన ఆడమనిషి పొద్దస్తమానం నడుం వంచితే చేతికొచ్చేది రూపాయిన్నర. అందులో అర్ధరూపాయి నాలుగు గుడ్లకు పోస్తుందా? అందుకే కోళ్లు పెంచే ఇళ్లలోనే గుడ్డు తినేవాళ్లు కాదు, అమ్మేసేవాళ్లు. జ్వరం పడి లేచిన పిల్లాడికి, పురిటి మంచం దిగిన పిల్లకు, ఊరినుంచి వచ్చిన అల్లుడికి మాత్రం పెట్టేవాళ్లం. మిగతా పిల్లలు చుట్టూ చేరితే ఉడికిన గుడ్డును దారంతో నాలుగు ముక్కలు కోసేదాన్ని. కత్తితో కోస్తే పచ్చసొన కత్తికి అంటుకుని వృథా అవుతుందని దారం. మా ఊరే కాదు, దేశమంతా అలాగే ఏడ్చింది. 1950-51లో దేశం మొత్తమ్మీద 183 కోట్ల గుడ్లు. తలకు లెక్కేస్తే ఏడాదికి అయిదు. నువ్వు మొన్న ఆదివారం ఒక్క పూట బిర్యానీలో తిన్నవి ఎన్నో నేను చూశాన్లే, ఇప్పుడు చెప్పనులే.

ఇలా ఉండగా తెల్లకోళ్లు వచ్చాయి. సీమకోళ్లనేవాళ్లం. వాటి జాతి పేరు లెగ్‌హార్న్ అని తర్వాత తెలిసింది. బోనులోంచి కదలవు, పొదుగుకు కూర్చోవు, పుంజు మొహం ఎరగవు, అయినా గుడ్డు పెడతాయి. "పుంజు లేకుండా గుడ్డేమిటే, కలికాలం కాకపోతే" అని మా అత్తగారు ఆర్నెల్లు ఆ గుడ్డు ముట్టలేదు. విచిత్రం చూడు, అదే మాట పట్టుకుని, పిల్ల పుట్టని గుడ్డు గనక ఇది శాకాహారమేనని కొందరు తినడం మొదలెట్టారు. మనిషికి తినాలని ఉంటే శాస్త్రం దానంతటదే దొరుకుతుంది.

ఆ కోళ్ల వెనక హైదరాబాదులో ఒకాయన ఉండేవారు. బండా వాసుదేవరావు గారు, అందరూ బి.వి.రావు గారనేవారు. ఆయన కూడా చిన్న ఫారంతో మొదలుపెట్టినవారే. 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. అప్పటిదాకా మంచి జాతి పిల్ల కావాలంటే పైదేశాల వైపు చూడాల్సిందే. మన ఎండకూ, మన మేతకూ తట్టుకుని గుడ్డు పెట్టే జాతిని ఇక్కడే తయారుచేసి పిల్లలు అమ్మారు. బివి-300 అని ఆ కోడికి పేరు. ఏడాదికి మూడువందల గుడ్ల లెక్క. నా నాటుపెట్టలు ఆ సంగతి వినుంటే సిగ్గుతో గంప కిందికి పోయేవి.

అయినా పిల్లలు దొరికితే సరిపోతుందా, పెట్టుబడో? అప్పటిదాకా ఊళ్లో అప్పంటే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ప్రామిసరీ నోటు, ఆ పైన షావుకారు ఇంటి పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు చాకిరీ. 1969లో బ్యాంకుల్ని జాతీయం చేశాక, బ్యాంకువాళ్లు రైతు గుమ్మం తొక్కడం మెల్లిగా మొదలైంది. కోళ్ల షెడ్డు ఆలోచన వచ్చినప్పుడు మీ తాతగారు మొదట నా మెడలో గొలుసు వంక చూశారు. నేను పైట సర్దుకున్నాను. ఆయన బ్యాంకుకు వెళ్లారు. ఆ గొలుసు ఇదిగో, ఇప్పటికీ ఉంది, పెళ్లికి మీ అక్కకిస్తాను.

అప్పిచ్చిన మేనేజరు గారు ఒకరోజు కోళ్లు లెక్కపెట్టడానికి వచ్చారు. కోళ్లేమన్నా ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లలా? మొదటిసారి ఒక లెక్క, రెండోసారి ఇంకో లెక్క వచ్చింది. మూడోసారికి ఆయన బూటు ఎక్కడ వెయ్యకూడదో అక్కడ వేశారు. "రెండింటికీ సగం వేసుకుందాం లెండి" అని కాయితం మీద రాసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఊళ్లో అందరికీ ఒక్కసారిగా కోళ్ల పిచ్చి పట్టింది. మీ తాతగారి చిన్నబావగారు చాలా తెలివైనవారు. అయిదొందల కోళ్లు, కోడికి మూడొందల గుడ్లు అని గోడ మీద బొగ్గుతో గుణించి, షెడ్డు కప్పు పడకముందే మోటారుసైకిలు కొనేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కోడి గుడ్డు పెట్టేలోపల నాలుగైదు నెలలు ఊరికే మేపాలని ఆయనకు ఆ బొగ్గుముక్క చెప్పలేదు. గుడ్డు ఖర్చులో మూడొంతులకు దగ్గరగా మేతదేనని అసలే చెప్పలేదు. మోటారుసైకిలు అమ్మి మొక్కజొన్న కొన్నారు.

ఇంకొకాయన టీకా దండగన్నాడు. షెడ్డు గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. ఆ ఏడు కొక్కెర తెగులు వచ్చింది. డాక్టర్లు రాణిఖేత్ అనే జబ్బు అదే. వారం తిరక్కుండా షెడ్డు ఖాళీ. మీ తాతగారు టీకామందు తేవడానికి ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కు పట్టుకుని సైకిలు మీద తణుకు వెళ్లి, మందు వేడెక్కకముందే తిరిగొచ్చేవారు. ఆ ఫ్లాస్కును పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చేవారు. మీ నాన్నను అలా ఎత్తుకోగా నేను చూడలేదు. గుడ్డు తగ్గకూడదంటే కోడికి రోజుకు పదహారు గంటల వెలుతురు ఉండాలి. కరెంటు పోయిందంటే ఊళ్లో పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెట్రోమాక్సులు మా షెడ్డులో వెలిగేవి. పెళ్లివారు వచ్చి బతిమాలుకునేవాళ్లు.

ఏదో చెబుతూ పెళ్లిళ్లలోకి వెళ్లిపోయాను. అసలు చెప్పవలసింది ధర సంగతి. కష్టమంతా అయ్యాక, గుడ్డు చేతికొచ్చాక, దాని ధర చెప్పేది మేము కాదు నాయనా! కలకత్తాలోనో, బొంబాయిలోనో కూర్చున్న వ్యాపారి చెప్పేవాడు. లారీ ఎక్కేదాకా గుడ్డు మాది, లారీ దిగాక ధర వాడిది. సరుకు చేరిన మర్నాడు కబురొచ్చేది. మార్కెట్టు పడిపోయిందనో, సగం పగిలిపోయాయనో. వెళ్లి చూసొచ్చేవాడెవడు? ధాన్యమైతే గాదెలో పోసి మంచి రోజు చూసి అమ్ముకుంటాం. గుడ్డు అలా ఆగదు, కోడి అసలే ఆగదు, రేపు మళ్లీ పెడుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే అదే. కోడి ఇచ్చింది, వ్యాపారి ఇవ్వలేదు. ఎనభయ్యో దశకం మొదట్లో మేత ఖర్చు కూడా రాక, చుట్టుపక్కల షెడ్లు ఒక్కొక్కటే తలుపులు మూసుకున్నాయి. మా షెడ్డులో సగం వరకు కొబ్బరికాయలు పోశాం.

అప్పుడు బి.వి.రావు గారు దేశమంతా తిరిగి కోళ్ల రైతుల్ని కూర్చోబెట్టారు. మీలో మీరు పోటీ పడి తగ్గించుకుంటుంటే వ్యాపారికి పని తేలిక అన్నారు. 1982లో జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ పుట్టింది. 'నెక్' అంటారు. నా గుడ్డు, నా ధర, నా బతుకు అన్నది వాళ్ల నినాదం. ప్రాంతానికో ధర రైతులే చెప్పడం, మార్కెట్టులో గుడ్లు ఎక్కువై ధర జారితే కొంత కొని నిలవ చెయ్యడం, జనం చేత ఎక్కువ తినిపించడం వాళ్ల పని. టీవీలో వచ్చేది చూడు, వారంలో ఏ రోజైనా సరే గుడ్డు తినమని పాట, అది వీళ్లదే. ఇందులో ప్రభుత్వం చట్టమేమీ లేదు. మాట మీద నిలబడటమే. నిలబడనివాళ్లు లేకపోలేదు. రాత్రిపూట దొంగచాటుగా పైసా తగ్గించి లారీ ఎక్కించిన మహానుభావుల్ని నేనెరుగుదును. పొద్దున్నే వాళ్లే మీటింగులో ఐకమత్యం మీద మాట్లాడేవాళ్లు.

అయినా పేపర్లో వంద గుడ్ల ధర రోజూ అచ్చవడం మొదలయ్యాక లెక్క మారింది. మీ తాతగారు పేపరు రాగానే ముందు ఆ మూలే చూసేవారు. ఇందిరాగాంధీ గారు పోయిన మర్నాడు కూడా మొదట గుడ్డు ధర చూసి, తర్వాత మొదటి పేజీ తిప్పి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు. ఆయన్ను తప్పుపట్టకు. రేపు చేతికెంత వస్తుందో తెలిసినవాడికే అప్పు తీర్చే తారీఖు తెలుస్తుంది, పిల్లాణ్ణి పట్నం కాలేజీలో వెయ్యవచ్చో లేదో తెలుస్తుంది. ధైర్యం చెయ్యమని ఎవరైనా చెబుతారు. చేసిన ధైర్యానికి రేటు తెలియకపోతే అది జూదమే.

సెల్లులో ఆ ఉపన్యాసం ఆయన దరిద్రం తీరుతుందన్నాడు గానీ సంపద ఎక్కడ పుడుతుందో చెప్పలేదు. షెడ్డు యజమాని ఇంట్లో పుట్టింది కొంతే. నిజామాబాదు, కరీంనగర్ వైపు మొక్కజొన్న రైతుకు అమ్ముకునే చోటు దొరికింది. సముద్రపు ఒడ్డున ఎండుచేపల పొడి, ఆల్చిప్పల పొడి కొట్టేవాళ్లకు పని దొరికింది. మా ఊళ్లో నాగళ్లకు కర్రులు కొట్టే కమ్మరి కొడుకు బోనులు వెల్డింగు చేసి డాబా కట్టాడు. పాత కాగితాలు నానబెట్టి ముప్ఫై గుంటల అట్టలు పోసే కార్ఖానాలు వచ్చాయి. కోళ్ల పెంట కూడా పొలాలకూ, చేపల చెరువులకూ అమ్ముడుపోయింది. లక్ష్మీదేవి వాసనని మీ తాతగారన్నది చివరికి నిజమే అయ్యేసరికి నేను నోరు మూసుకోవాల్సొచ్చింది.

అందరికన్నా నాకు ముచ్చటేసింది మా వీధి చివర ఆమ్లెట్ బండి పెట్టిన పిల్ల. పేరెందుకులే, బతికే ఉంది, మనవలతో సుఖంగా ఉంది. మొగుడు పోయాడు, సెంటు భూమి లేదు. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని బండి, కిరసనాయిలు స్టవ్వు, పెనం కొంది. గుడ్లు మీ తాతగారి దగ్గర పొద్దున అరువు, రాత్రి చెల్లు. పగుళ్లు పడ్డవి సగం ధరకే ఇప్పించమని నన్ను పట్టుకునేది. "ఆయ్, మీరు చెబితే వింటారండీ" అనేది, ఆయన ఎవరి మాటా వినరని తెలిసి కూడా. సినిమా రెండో ఆట వదిలేవేళకు బండి చుట్టూ జనం. ఇద్దరాడపిల్లల్ని నర్సింగు చదివించింది. పుంజీ గుడ్లకు మూడోవంతు కూలి పోయే రోజుల్లో ఆ బండి నడిచేదా? గుడ్డు చవకయింది గనక తినేవాడికి తిండి, దానికి బతుకు. షెడ్లు పెట్టినవాళ్లెవరూ దాన్ని తలుచుకుని పెట్టలేదు, లాభానికే పెట్టారు. అయినా దాని పొయ్యి వెలిగింది.

ఊఁ కొడుతున్నావా? సరే.

2022-23లో దేశంలో 13,838 కోట్ల గుడ్లు వచ్చాయి. మనిషికి 101. అందులో అయిదో వంతు మన ఆంధ్రప్రదేశ్‌దే, మొదటి స్థానం మనదే. ఆ తర్వాత తమిళనాడు, మూడోది తెలంగాణ. అంగన్‌వాడీలో కూలివాళ్ల పిల్లాడికి కూడా గుడ్డు పెడుతున్నారు, అదీ దారంతో ముక్కలు కొయ్యకుండా.

అంతా బంగారమేనని చెబితే నువ్వే నమ్మవు. కలిమిలేములు కావడి కుండలు. అయిదొందల కోళ్లవాడు ఇప్పుడు కనబడడు, లక్షల కోళ్లవాడే మిగిలాడు. మేతను పెద్ద ఎత్తున కొనగలిగినవాడికే కిట్టుబాటు. మా షెడ్డూ అలాగే చేతులు మారింది. షెడ్లలో పనికి మన ఊరి కుర్రాళ్లు రారు, బీహారు నుంచీ ఒడిశా నుంచీ వస్తున్నారు. వాళ్ల పిల్లల చదువు మాట అడిగే నాథుడు లేడు. 2006లో మహారాష్ట్రలో నవాపూర్ దగ్గర బర్డ్ ఫ్లూ వస్తే ఇక్కడ గుడ్డు అడిగేవాడు లేకపోయాడు. నాయకులు వీధుల్లో నిలబడి కోడికూర తిని చూపించారు. వాళ్లకు అది పెద్ద కష్టమనిపించలేదులే. 2025 ఫిబ్రవరిలో మన పక్కనే వేల్పూరు, కానూరు అగ్రహారం షెడ్లలో అదే రోగం. పెంచిన చేతులతోనే పూడ్చిపెట్టుకున్నారు.

ఇంకొక అన్యాయం కూడా ఉంది. ఫారం గుడ్డు వచ్చి నా పోపులపెట్టె ఖజానాను మింగేసింది. పెరటి కోడి పోయింది, కోడలి డబ్బూ పోయింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థవాళ్లకు ఈ సంగతి తట్టినట్టుంది. పెరట్లోనే తిరిగి మేస్తూ నాటుపెట్టకన్నా ఎక్కువ గుడ్లు పెట్టే వనరాజా, గ్రామప్రియ అనే జాతులు తయారుచేశారు. మన చాకలిపేటలో ఇద్దరు ముగ్గురు పెంచుతున్నారు. నాటుగుడ్డని చెప్పి ఫారం గుడ్డుకు రెట్టింపు ధర అడుగుతున్నారు, కొనేవాళ్లు కొంటున్నారు. ఈసారి ధర ఆడవాళ్లే చెబుతున్నారు, అందుకని నేను బేరమాడను.

నువ్వెలాగూ బ్యాంకు పరీక్షలు రాస్తున్నావు గదా. రేపు నీ బల్ల ముందుకు ఇలాంటి ఆడమనిషి ఎవరైనా పది కోళ్లకో, ఒక బండికో అప్పు కావాలని వస్తే, హామీగా ఏముందని మొదట అడగకు. మేత ఎక్కడినుంచి తెస్తావు, టీకా ఎవరు వేస్తారు, సరుకు ఎవరు కొంటారు, ధర ఎవరు చెబుతారు అని అడుగు. ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెబితే సంతకం పెట్టెయ్యి. చెప్పలేకపోతే తిప్పి పంపకు, కూర్చోబెట్టి చెప్పు.